హిమోరి మూడు, ఓబులేష్ షిఫ్టు

పోయిన వేసవిలో ఓబులేష్ నన్ను "సార్" అని పిలవడం మొదలుపెట్టాడు. అంతకు ముందు పదిహేనేళ్లు నేను వాడికి "ఏమప్పా"ని. వాడు సంగనకల్లు నుంచి బైకు మీద బళ్లారికి వచ్చి, తోరణగల్లు పోయే కంపెనీ బస్సు మొదటి స్టాపులోనే ఎక్కేవాడు. నేనెక్కేది రెండో స్టాపు. కిటికీ పక్క సీటు మీద తన టిఫిన్ బ్యాగు పెట్టి, ఎవరైనా కూర్చోబోతే "ఆ సీటుకు మనిషి ఉండాడప్పా" అనేవాడు. ఆ వేసవిలో ఒక మంగళవారం తర్వాత బ్యాగు వాడి ఒళ్లోకి పోయింది, నా సీట్లో ఎవరెవరో కూర్చోవడం మొదలైంది.

కారణం ఒక జపాన్ వీడియో గేమ్. నవ్వేవాళ్లు నవ్వండి, మా ఆవిడ అనుపమ ఇంకా నవ్వుతూనే ఉంది. నలభై రెండేళ్ల వాడు, ఉక్కు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో కూర్చుని ఆరు కంప్యూటర్లు చూసుకునేవాడు, ఒక గేమ్ చెడిపోయిందా లేదా అనే దాని మీద స్నేహం పోగొట్టుకున్నాడంటే నాకైనా నవ్వే వస్తుంది. కానీ నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. చాలా రోజులు మండింది. ఇది ఓబులేష్ గురించి రాస్తున్నదే అయినా ముందు నా మంట చెప్పుకోకపోతే వాడి దగ్గరికి రాలేను.

హిమోరి అని ఒక గేముల వరస ఉంది. పాతికేళ్లకు పైగా వస్తోంది, పన్నెండు భాగాలయ్యాయి. కథ ఉన్న గేమ్. ఊళ్లు తిరగాలి, మనుషులతో మాట్లాడాలి, దారిలో అడ్డమొచ్చే జంతువులతో కొట్లాడాలి. కొట్లాడేకొద్దీ మన మనిషికి బలం పెరుగుతుంది, దాన్ని లెవెల్ అంటారు. లెవెల్ బాగా పెరిగితే చిన్న చిన్న జంతువులు మనల్ని చూసి తప్పుకుంటాయి. వీటిలో మూడో భాగాన్ని మించింది లేదు. ఉప్పమ్ముకునే ఇంటి పిల్ల, పేరు యుకారి, నిప్పు ఆరిపోయిన ఒక కొండకు కుండలో నిప్పు మోసుకుపోతుంది. అంతే కథ. ఆ పిల్ల ఒక్కో ఊరు దాటుతుంటే నేను తెరకు ఇంకాస్త దగ్గరికి జరిగేవాణ్ని. ఒక్క నిమిషం విసుగు లేదు, ఒక్క అడుగు వృథా లేదు. ఆరో భాగం నుంచి మొదలైంది దరిద్రం. ఏడులో ఇంటర్నెట్ ఉంటేగాని ఆడలేమన్నారు. తొమ్మిదిలో సగం కథ దాచిపెట్టి తర్వాత విడిగా అమ్మారు. పన్నెండులో అయితే యాడికి పోవాలో నేల మీద బాణం గుర్తేసి మరీ చూపిస్తారు, కొట్లాట దానంతట అదే జరుగుతుంది, మనం టీ తాగి రావచ్చు. చిన్నపిల్లల నోట్లో ముద్ద పెట్టినట్టు పెడతారు. ఈ మాటలు నేను ఎవరు అడిగినా, అడక్కపోయినా చెబుతాను. పన్నెండేళ్లుగా చెబుతున్నాను.

ఇప్పుడు ఓబులేష్.

మాది కురుగోడు. కాలువ కింద మాకు వరి, మెట్టలో మిరప ఉండేవి. ఓబులేష్ వాళ్లమ్మ దుర్గక్క మా మిరప చేలోకి కాయ కోతకు వచ్చేది. వాడు బళ్లారిలో కన్నడ మీడియంలో ఐటీఐ చదివాడు, నేను ఇంగ్లీషు మీడియంలో డిప్లొమా. ఇద్దరికీ ఒకే ఏడు ఫ్యాక్టరీలో పని దొరికింది. తోరణగల్లులో గదులు దొరకని రోజులు కాబట్టి ఒకే గదిలో చేరాం. మంచం ఒకటే, నేనొస్తే వాడు లేచేవాడు, వాడొస్తే నేను లేచేవాణ్ని. షిఫ్టులు అట్లా పడ్డాయి. వారం వారం షిఫ్టు మారినా ఒకరు గదిలో ఉంటే ఇంకొకరు డ్యూటీలో ఉండేవాళ్లు.

వాడి పని కన్వేయర్ బెల్టుల దగ్గర. ఖనిజాన్ని మోసుకుపోయే బెల్టు కిలోమీటర్ల పొడవుంటుంది. దాని కింద వేల రోలర్లు తిరుగుతుంటాయి. వాడు పొద్దంతా దాని పక్కన నడుస్తూ వింటాడు. ఏ రోలర్ బేరింగ్ చెడబోతోందో ఆ చప్పుళ్లన్నిటిలో వాడికి తెలిసిపోతుంది. ఆగి, సుద్దముక్కతో దాని మీద ఒక గుర్తు పెట్టి ముందుకు పోతాడు. తర్వాత ఎవరో వచ్చి మారుస్తారు. బెల్టు ఆగదు. బెల్టు ఆగలేదు కాబట్టి ఆ రోజు వాడేం చేశాడో ఎవరికీ తెలియదు. మాటా తక్కువే. జీతం పెరిగినా, జ్వరమొచ్చినా ఒకే మొహం. ఒకసారి కాలి మీద రోలర్ పడి గోరు ఊడితే, మూడు రోజుల తర్వాత చెప్పుల షాపులో చూశాను నేను.

గేమ్ మిషన్ నాది. బళ్లారి మార్కెట్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, దానితో పాటు హిమోరి మూడు డిస్కు వచ్చింది. మిషన్ ఒకటి, మెమరీ కార్డు ఒకటి, మేమిద్దరం. విడివిడిగా ఆడుకోవడానికి కార్డులో చోటు లేదు. అందుకని ఇద్దరం కలిసి ఒకే ఆటను షిఫ్టుల మీద నడపాలని నేనే తీర్మానించాను. మాకు తెలిసిన పద్ధతి అదే కదా. ప్లాంటులో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి రిజిస్టరు రాసి అప్పజెబుతాడు. ఎక్కేటప్పటి రీడింగు, దిగేటప్పటి రీడింగు, కింద విశేషాలు. అట్లాంటిదే ఒక రిజిస్టరు స్టోర్స్ నుంచి తెచ్చి టీవీ మీద పెట్టాను. రీడింగు అంటే లెవెల్. రాత కన్నడ అక్షరాల్లో, మాట తెలుగు. మా వైపు అది మామూలే. తెలుగు అక్షరాలు నాకు మా అమ్మ నేర్పింది, వాడికి నేర్పేవాళ్లు లేరు.

ఏడాదిన్నర ఆడాం. ఆట అయిపోయిన నెలకే నా పెళ్లయింది, బళ్లారిలో కాపురం పెట్టాను, మిషన్ నాతో తెచ్చుకున్నాను. ఓబులేష్ కొన్నాళ్లకు సంగనకల్లులో ఇల్లు కట్టుకున్నాడు. వాడికో కూతురు, సుమ, ఇప్పుడు ఎనిమిదో క్లాసు. రెండేళ్ల కిందట ఆ పిల్ల కోసం కొత్త మిషన్ కొన్నాడు. హిమోరి పది, పదకొండు ఆడుతున్నారని తెలిసి నేను సంతోషించాను. పాపం, మంచివి ఆడటం లేదే అని కూడా అనుకున్నాను.

పన్నెండో భాగం వచ్చిన నెలకు, ఆ మంగళవారం, బస్సులో మా ముందు సీటు నుంచి వివేక్ వెనక్కి తిరిగాడు. కొత్తగా చేరిన ఇంజనీరు, అతనూ ఆడతాడు. "సార్, మీరు అన్ని భాగాలూ చూసినారు కదా. నిజంగా చెడిపోయిందంటారా?" అన్నాడు. నన్ను ఆ ప్రశ్న అడగకూడదు. బస్సు కుడితిని ఊరు దాటేదాకా నేను ఆపలేదు. బాణాల సంగతి, దానంతట అదే జరిగే కొట్లాట సంగతి, మూడో భాగంలో వంతెన ఘట్టం సంగతి, అన్నీ చెప్పాను. చుట్టుపక్కల వాళ్లు కూడా వింటున్నారు.

వివేక్ ఓబులేష్ వైపు చూశాడు. "మీరేమంటారు?"

"నాకు పన్నెండోది బాగుండాదప్పా" అన్నాడు ఓబులేష్.

"ఏం బాగుండాది?" అన్నాను నేను.

"పని తక్కువ, కథ ఎక్కువ. నేనూ సుమా కూసోని చూస్తాండాం. ఆ పిల్ల సదివి చెప్తాది."

"పని తక్కువంట! అదే కదప్పా చెడిపోవడమంటే. నీకేం తెలుస్తాది మంచీ చెడ్డా, ఏది పెట్టినా తింటావు." బస్సులో ఒకరిద్దరు నవ్వారు. నవ్వు వింటే నాకు ఊపు వస్తుంది, అది నా రోగం. "అసలు మూడో భాగం నువ్వు ఆడినావా? ఆడింది నేను. నువ్వు మధ్యలో సుమ్నే ఊరికే బటన్లు నొక్కుతాంటివి."

ఈసారి బస్సంతా నవ్వింది. ఓబులేష్ కిటికీలోంచి బయటికి చూశాడు. అటే చూస్తూ "హౌదు సార్" అన్నాడు. అవునని చెప్పడమే, కానీ ఆఫీసర్లతో చెప్పేట్టు కన్నడంలో చెప్పాడు. నేను అది కూడా జోకే అనుకున్నాను.

మర్నాడు సీటు లేదు. నాలుగు రోజులు చూసి టీ ఇప్పించాను, తాగి "థ్యాంక్స్ సార్" అన్నాడు. పండగకి మా ఇంటికి రమ్మంటే "సూస్తాం సార్" అన్నాడు. కొట్టినా బాగుండేది. నెల గడిచేసరికి నాకు వాడి మీద కోపం పెరిగింది గాని తగ్గలేదు. ఒక్క మాటకింతా? నేనన్నదాంట్లో అబద్ధమేముంది? వంతెన దగ్గర ఇనుప కొంగను చంపింది నేను. ఉప్పు గుహలో రాజును చంపింది నేను. కొండెక్కింది నేను. ఇవన్నీ వాడికీ తెలుసు. తెలిసీ మొహం తిప్పుకుంటున్నాడంటే పొగరు అనుకున్నాను.

నా తెలివి ఎట్లాంటిదంటే, నా మాట నిజమని నిరూపిస్తే వాడే దారికొస్తాడని అనుకున్నాను. వివేక్ ఒకరోజు, "అయితే మూడోది ఇప్పుడు మళ్లీ ఆడి, వీడియో తీసి చూపించండి సార్. కొత్తదాంతో పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు. ఇది బాగుందనిపించింది. ఓబులేష్‌కు కూడా చూపించాలి. అది ఎంత మంచి గేమో చూస్తే వాడే ఒప్పుకుంటాడు, ఒప్పుకున్నాక ఇద్దరం నవ్వుకుంటాం, సీటు మీద మళ్లీ బ్యాగు పడుతుంది. నాలుగు రోజులు సెలవు పెట్టాను. అటక మీది నుంచి మిషన్ దించాను. మెమరీ కార్డులో పాత ఆట తుడిచేసి కొత్తగా మొదలుపెట్టాను.

మొదటి గంట స్వర్గం. ఉప్పు బస్తాలు, సముద్రం, యుకారి వాళ్ల నాన్న ఇచ్చిన కుండ. అనుపమను పిలిచి మరీ చూపించాను. తర్వాత చిత్తడి నేల వచ్చింది.

చిత్తడి నేలలో కప్పలుంటాయి. నాలుగడుగులేస్తే ఒక కప్ప. తెర తిరుగుతుంది, సంగీతం మారుతుంది, కప్ప వస్తుంది, దాన్ని కొట్టాలి, అది మనల్ని కొడుతుంది, చస్తుంది, పన్నెండు పాయింట్లొస్తాయి, మళ్లీ నాలుగడుగులు. అది దాటి వంతెన దగ్గరికి పోతే ఇనుప కొంగ రెండు దెబ్బల్లో నన్ను చంపేసింది. నా లెవెల్ పదకొండు. అది ఇరవై లేనిదే లొంగదు. ఒక్క లెవెల్ పెరగాలంటే అరవై డెబ్బై కప్పలు చావాలి. మళ్లీ చిత్తడి నేలకు పోయాను. మొదటి రోజు సాయంత్రానికి పన్నెండు. రెండో రోజు పద్నాలుగు. బొటనవేలు వాచింది. వీడియోలో చూపించడానికి ఏముంది, కప్ప, కప్ప, కప్ప.

అనుపమ తలుపు దగ్గర నిలబడింది. "జ్వరమని సెలవు పెట్టి కప్పల్ని సంపుతాండావా?"

"ఈడ ఏదో తేడా ఉండాది. అప్పుడు ఇట్ల లేదు."

"గేమ్ మారదు కదా, డిస్కు అదే కదా."

డిస్కు అదే. అది నాకూ తెలుసు. అందుకే పిచ్చెక్కింది. నాకు గుర్తున్న మూడో భాగంలో ఈ కప్పలు లేవు. చిత్తడి నేల దాటడం నాకు బాగా గుర్తు: పొగమంచు, వేణువు, అడుగు చప్పుడు, ఒక్క కప్ప ఎదురు రాలేదు. వంతెన దగ్గరికి పోయాను, కొంగను కొట్టాను, యుకారి వంతెన మధ్యలో నిలబడి వెనక్కి చూసింది. ఎంత చక్కగా, ఎంత బిగువుగా ఉండేది! ఇప్పుడేంది ఈ గోల? ఏదో దగ్గర దారి ఉండి ఉంటుంది, నేను మరిచిపోయి ఉంటాను అనుకున్నాను. దారి తెలియాలంటే రిజిస్టరు చూడాలి. మిషన్ అట్టపెట్టె అడుగున దొరికింది.

మధ్యాహ్నం, అన్నం పక్కన పెట్టుకుని తెరిచాను.

నా రాత మొదట. "చిత్తడి నేల దాకా పోతిని. లెవెల్ ఎక్కేటప్పుడు 10, దిగేటప్పుడు 11. విశేషాలు: ముసలామెతో మాట్లాడినాను, కథ భలే ఉండాది. వంతెన మీదికి పోవద్దు. అది నాకుంచు."

దాని కింద ఓబులేష్ రాత, గుండ్రంగా. "ఎక్కేటప్పుడు 11, దిగేటప్పుడు 14. విశేషాలు: నార్మల్."

మళ్లీ నేను. "ఎక్కేటప్పుడు 14, దిగేటప్పుడు 14. ఊళ్లో తిరిగితి, పాట విన్నాను. వంతెన నాకుంచు."

ఓబులేష్. "14, 18. నార్మల్." తర్వాత, "18, 21. నార్మల్." ఆ కిందే నా రాత, పెద్ద అక్షరాల్లో, "కొంగను ఒక్క దెబ్బకు చంపినాను!! ఈ గేమ్ చేసినోడు దేవుడు."

అన్నం అట్లాగే ఉంది. పేజీలు తిప్పాను. ప్రతి పేజీలోనూ అంతే. నా పక్కన లెవెల్ కదలదు, వాడి పక్కన పెరుగుతుంది. ఉప్పు గుహ ముందు ఇరవై ఒకటి నుంచి ఇరవై ఆరు, పదకొండు రోజులు, పదకొండు "నార్మల్"లు. ఏడాదిన్నర రిజిస్టరులో వాడి పెన్ను నుంచి వచ్చిన మాట దాదాపు అదొక్కటే. దానికి ముందు నా ఆజ్ఞలు. ఫలానా తలుపు తెరవొద్దు. ఫలానా మనిషితో మాట్లాడొద్దు. అది నాకుంచు, ఇది నాకుంచు.

పొద్దున లేచేసరికి గడపలో పాల ప్యాకెట్ ఉన్నట్టు, నేను ఆట ఎక్కేసరికి లెవెల్ సిద్ధంగా ఉండేది. ఆ లెవెల్ చూసి కప్పలు తప్పుకునేవి. తప్పుకున్నాయి కాబట్టి నాకు పొగమంచు కనిపించింది, వేణువు వినిపించింది. నేను పన్నెండేళ్లుగా ఊరందరికీ చెబుతున్న ఒక్క నిమిషం విసుగు లేని ఆట డిస్కులో లేదు. అందులోని విసుగునంతా వాడు తీసుకున్నాడు.

మొదటి వారం పేజీ వెతికాను. అక్కడుంది. ఓబులేష్ రాత: "విశేషాలు: కప్పలు నూట నలభై సంపితి. ఎర్ర కప్ప వస్తే ఎక్కువ పాయింట్లు. ఎర్ర కప్ప వాన పడితేనే వస్తాది." దాని మీద ఎర్ర పెన్నుతో నేను అడ్డంగా రాశాను. "ఇది రిజిస్టరా, కప్పల లెక్కనా? విశేషముంటే రాయి. లేదంటే నార్మల్ అని రాయి."

సిగ్గేసింది. సిగ్గు కన్నా ముందు చిరాకు వచ్చిందని కూడా ఒప్పుకోవాలి. ఈ మనిషి ఒక్కసారి నోరు తెరిచి చెప్పి ఉంటే నేను ఇన్నేళ్లు నలుగురిలో అట్లా వాగేవాణ్ని కాదు కదా అని.

ఆదివారం పొద్దున రిజిస్టరు పట్టుకుని సంగనకల్లు పోయాను. ఓబులేష్ వాకిట్లో సుమ సైకిలు తలకిందులుగా పెట్టి చైనుకు నూనె వేస్తున్నాడు. దుర్గక్క అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. "రాప్పా, కూసో. ఎన్నాళ్లకొస్తివి" అంది. ఓబులేష్ లేచి నిలబడి, "రాండి సార్" అన్నాడు.

నేను కూర్చోలేదు. రిజిస్టరు తెరిచి వాడి ముందు పెట్టాను. "ఇదేంది?"

వాడు చేతులు తుడుచుకుని చూశాడు. "మన రిజిస్టరు కదా."

"పద్నాలుగు నుంచి పద్దెనిమిది. నార్మల్. ఎన్ని కప్పలు సంపితివి ఆ పొద్దు?"

"యాడ గుర్తుంటాది."

"ఎందుకు సెప్పలేదు?"

"నువ్వే నార్మల్ అని రాయమంటివి కదా." కోపం లేకుండా అన్నాడు. చక్రం ఒకసారి తిప్పి చెవి పెట్టి విన్నాడు. "కథ కాడికి పోవద్దని రాస్తివి. తలుపు తెరవద్దంటివి. ఇంగ నేనేం చేసేది? కప్పలే ఉండె. నీకు ఇంగ్లీషు వచ్చు, కథ తెలుస్తాది. నాకు ఆ అచ్చరాలు తెలీవు. సరేలే, ఒకరికన్నా మజా వస్తాది కదా అని నేను అది చేస్తి."

"నీకు కోపం రాలేదా?"

"అప్పుడు రాలేదు. బస్సులో అంటివి చూడు, నువ్వు ఆడినావా అని. అప్పుడొచ్చె. బో వచ్చె." గొంతు అప్పుడు మారింది. "ఏడాదిన్నర నిద్ర చాలక డ్యూటీలో తూగుతాంటి. నవ్విరి అందరూ."

రిజిస్టరు మూసేశాను. ఇంట్లోంచి గేమ్ సంగీతం వినిపిస్తోంది, సుమ ఆడుతున్నట్టుంది. వాడు ఆ వైపు తల తిప్పాడు. "ఈ కొత్తవి బాగుండాయని ఊరికే అనలా. కథ ఎట్లుంటాదో నాకు ఇప్పుడే తెలిసింది. ఆ పాతదాంట్లో ఉప్పు పిల్ల కొండెక్కెనో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. నేను డ్యూటీ నుంచి వచ్చేలోపల నువ్వు అయిపోగొట్టి, రిజిస్టరులో 'అయిపోయింది, సూపర్' అని రాస్తివి. ఏమాయె అని అడిగితే, చెప్తే మజా పోతాది, నువ్వే ఆడుకో అంటివి. ఆడేదానికి మిషన్ నీ ఎంట పాయె."

"ఇప్పుడు చెప్తా విను. ఆ పిల్ల కొండ..."

"వద్దు" అని చెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్తే మజా పోతాది కదా సార్."

అట్లా నా పాత మాటనే నా మీదికి విసిరి, సైకిలు మీదికి వంగాడు. దుర్గక్క టీ తాగి పొమ్మంది. తాగి వచ్చేశాను.

తర్వాత మూడు వారాలు డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి రెండు గంటలు కప్పల్ని చంపాను. ఇది త్యాగమనుకోకండి, బూతులు తిట్టుకుంటూ చంపాను. అంత అన్యాయమైన పని ఆ గేమ్ చేసినవాడు మనుషుల చేత ఎట్లా చేయించాడో నాకు అర్థం కాలేదు. పన్నెండో భాగంలో కొట్లాట దానంతట అదే జరగడం ఎవరు కోరుకున్నారో మాత్రం అర్థమైంది. బాణాలు ఇప్పటికీ నాకు నచ్చవు, తొమ్మిదో భాగం ఇప్పటికీ మోసమే. కానీ వివేక్ మళ్లీ అడిగితే, మూడో భాగం సగమే ఆడాను, చెప్పే హక్కు నాకు సగమే ఉంది అన్నాను. అతను నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. ఆ మాట ఓబులేష్ రెండు సీట్ల వెనక నుంచి విన్నాడు. వినాలనే గట్టిగా అన్నాను.

ఆటలో వాన పడితే ఎర్ర కప్ప వస్తుందన్నది నిజం. ఆ వానలు లేకపోతే ఇంకో రెండు వారాలు పట్టేది.

లెవెల్ ఇరవై అయింది. యుకారిని వంతెన ముందు నిలబెట్టి, కొంగ జోలికి పోకుండా సేవ్ చేశాను. రిజిస్టరులో పాత పేజీల తర్వాత రాశాను. "ఎక్కేటప్పుడు 11, దిగేటప్పుడు 20. విశేషాలు: నార్మల్." మిషన్, వైర్లు, కార్డు, రిజిస్టరు ఒక సంచిలో పెట్టి సోమవారం బస్సులో వాడి ఒళ్లోని టిఫిన్ బ్యాగు మీద పెట్టాను. వాడు సంచి విప్పి చూసి, మళ్లీ ముడి వేశాడు. తోరణగల్లులో దిగేటప్పుడు సంచిని రెండు చేతులతో పట్టుకుని దిగాడు.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. నేను అడగలేదు. పదో రోజు బస్సెక్కేసరికి కిటికీ పక్క సీట్లో నా సంచి ఉంది. దాని పక్కన ఓబులేష్ కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రో, నటనో. సంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుని రిజిస్టరు తెరిచాను.

"ఎక్కేటప్పుడు 20, దిగేటప్పుడు 21. విశేషాలు:" అని ఉంది. ఆ కింద ఆ గుండ్రటి రాత మూడు పేజీలు నడిచింది. కొంగ ఎట్లా పడిందో, వంతెన మధ్యలో ఆ పిల్ల ఎందుకు వెనక్కి చూసిందో, సుమ చదివి చెబుతూ చెబుతూ ఎక్కడ ఆగిపోయిందో, దుర్గక్క వచ్చి "ఎవరి బిడ్డప్పా అది, ఒక్కతే పోతాండాది" అని ఎట్లా అడిగిందో, అంతా రాశాడు. పదిహేనేళ్ల కిందట ఆ ఘట్టం చూసి నేను "దేవుడు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. చివర్లో ఇట్లా ఉంది.

"ఉప్పు గుహ వాకిలి కాడ నిలబెట్టినా. దానికి లెవెల్ 26 కావాలంట, బయట గబ్బిలాలు ఉండాయి. లోపలికి పోవద్దప్పా. అది నాకుంచు."

ఆ గుహ బయట గబ్బిలాలు ఉంటాయని నాకు అంతవరకూ తెలియదు.